వాకిట్లో ఎర్ర మరక

దసరా తెల్లారి వాకిట్లో ఎర్ర మరక కనపడితే ఎవరు మాత్రం అనుమానపడతారు? ముందురోజే కారు కడిగాం. పసుపు కుంకుమలు పెట్టి బంతిపూల దండ వేశాం. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాం. గుమ్మడికాయకు గాటు పెట్టి, లోపల ఇంత కుంకుమ కూరి, గేటు దగ్గర పగలగొట్టాం. గచ్చంతా ఎర్రెర్రగా అయింది. పొద్దున లేచి నీళ్ళు కొట్టి, చీపురుతో గీకి, ముగ్గేశాను. మర్నాడు మళ్ళీ కాస్త ఎరుపు. కుంకుమ గచ్చులో ఇంకిపోయినట్టుంది, మెల్లగా వదులుతుందిలే అనుకుని మళ్ళీ కడిగాను. కార్తీకం వచ్చినా కడుగుతూనే ఉన్నాను. గచ్చు వేసిన మేస్త్రీని తిట్టుకున్నాను. కుంకుమలో ఏం రంగులు కలుపుతున్నాడోనని కిరాణా కొట్టాయన్ని తిట్టుకున్నాను. తిట్టడానికి నాకు మనుషులకు కరువు లేదు.

మా ఇల్లు నాచారంలో, ఫ్యాక్టరీల వెనక ఇరుకు గల్లీలో. బావ పనిచేసేది ఉప్పల్ అవతల ఇనుప భాగాలు తయారుచేసే ఒక మెషిన్ షాపులో, మెయింటెనెన్స్ చూస్తాడు. బావంటే మా ఆయనే. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి పిలుపు పెళ్ళయినా పోలేదు. మెషిన్ల రోగం పట్టడానికి ఆయనకు చెవులే డాక్టరు చదువు. షాపు గేట్లో అడుగు పెడుతూనే, ఆ మూల మెషినులో బేరింగ్ అరిగిందనేవాడు. ఇంట్లో మిక్సీ శబ్దం మారినా నాకన్నా ముందు ఆయనకే తెలిసేది.

అలాంటి మనిషి చేతిలోంచి ఎండాకాలంలో ఒక పొద్దున టీ గ్లాసు జారిపడింది. ఎడమ చెయ్యి. వంగి గ్లాసు తీయబోతే చెయ్యి మాట వినలేదు. దవాఖానాలో చిన్న పక్షవాతం అన్నారు, వెంటనే తీసుకొచ్చారు కాబట్టి బతికిపోయారన్నారు. ఆ తర్వాత మందులు, కసరత్తులు, కూర్చున్నా నిల్చున్నా రబ్బరు బంతి పిసకడం. శ్రావణానికల్లా చెయ్యి తిరిగొచ్చింది. వేళ్ళ కొసలకు మాత్రం ఇంకా స్పర్శ సరిగా తెలియడం లేదనేవాడు. కారు నడుపుకోవచ్చని డాక్టరు చెప్పిన రోజు, నూనె వస్తువులు తినొద్దన్న మాట అక్కడే వదిలేసి, దారిలో మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చాడు. నేను మాత్రం డాక్టరు చివర్లో అన్నమాట పట్టుకుని వచ్చాను. చెయ్యి మళ్ళీ బరువనిపిస్తే క్షణం ఆలస్యం చెయ్యకుండా రావాలన్నాడు.

దసరా పోయాక కారు మూలగడం మొదలుపెట్టింది. మలుపు తిప్పినప్పుడల్లా బానెట్ లోంచి ఊఁ అని ఒకటే మూలుగు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మరీ ఎక్కువ. బావ విని బెల్టు అన్నాడు. ఉప్పల్‌లో రోడ్డుపక్క షాపులో బెల్టు మార్పించాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ అందుకుంది. మా అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు కొన్న బండి, ఇప్పుడా అమ్మాయికే ఒక కొడుకు. పాతది కదా, మూలగనీ అన్నాడు బావ.

ఆ మూలుగుతో పాటు ఇంకొకటి కూడా మొదలైంది. దాని సంగతి ఆయన నాకు చెప్పలేదు, నేనే చూశాను. నాగోల్‌లో మా అక్క ఇంటికి పోతుంటే ఉప్పల్ దగ్గర మెట్రో స్తంభాల కింద యూటర్న్ తీసుకోవాల్సి వచ్చింది. స్టీరింగ్ సగం తిరిగి ఆగింది. బావ సీట్లోంచి కాస్త లేచి, రెండు చేతులతో లాగాడు. మెడ నరాలు పొంగాయి. వెనక బస్సువాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. ఎలాగో తిరిగాం. తిరగ్గానే బావ రేడియో శబ్దం పెంచాడు.

అప్పట్నుంచి నేను కారెక్కితే రోడ్డు చూడలేదు, ఆయన ఎడమ మోచెయ్యి చూశాను. మూలుగేమో కారుది, బరువేమో చేతిది అని ఇద్దరమూ విడివిడిగా తీర్మానించుకున్నాం. ఒకరికొకరం చెప్పుకోలేదు కూడా. నేను ఉండబట్టలేక పోట్లాడి దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరు తన వేళ్ళు పట్టుకుని పిసకమన్నాడు, చేతులు చాపి కళ్ళు మూసుకోమన్నాడు, స్కాన్ కూడా తీయించాడు. కొత్తగా ఏమీ లేదు, బాగానే ఉన్నాడన్నాడు. బయటికొచ్చి కారెక్కి, పార్కింగ్‌లోంచి బండి తిప్పుతుంటే మళ్ళీ అదే బరువు. డాక్టరు మాట కన్నా స్టీరింగ్ మాటే నమ్మాం మేము.

ఇంట్లో నా పరిస్థితి కాలుగాలిన పిల్లి తీరు. బియ్యం డబ్బా ఇటు జరపమనేదాన్ని, ఎడమ చేత్తో జరుపుతాడేమోనని. అటక మీది గిన్నె తీసిపెట్టమనేదాన్ని. ఆయనకు తెలియదా ఏంటి? కుడిచేత్తోనే చేసేవాడు. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో దాచుకునేవాడు. ఒక్కసారి చూపించు, నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కు అని అడిగితే ముఖం మాడ్చుకుని వాకిట్లోకి పోయేవాడు. నేను వెనకే పోయి అరిచేదాన్ని. అరిచినందుకు వంటింట్లోకొచ్చి ఏడ్చేదాన్ని. ఏడుస్తూనే పొద్దున మళ్ళీ ఆ మరక కడిగేదాన్ని.

ఒక శుక్రవారం సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను గేటు తీసి నిల్చున్నాను. మా గేటులోకి కారు ఎక్కాలంటే స్టీరింగ్ పూర్తిగా చివరిదాకా తిప్పాలి, అదీ మెల్లగా. రోజూ కష్టపడి ఎక్కించేవాడు. ఆ సాయంత్రం ఎక్కలేదు. ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు. ఎదురింటి వాళ్ళు బాల్కనీలోకొచ్చి చూస్తున్నారు. బావ ఎవరి ముఖం చూడకుండా బండి వెనక్కి తీసుకుని నేరుగా పోనిచ్చాడు. వీధి చివర బడి వెనక ఖాళీ గ్రౌండ్‌లో వదిలి, నడుచుకుంటూ వచ్చాడు. తాళంచెవి తెచ్చి దేవుడి గూట్లో పెట్టాడు.

“ఇగ నాతోని కాదే. బండి ఎవరికన్న ఇచ్చేద్దాం. సోమవారం షాపుల కూడ చెప్పేస్త. ఒంటిచేత్తోని మెషిన్ల మధ్య ఏం తిరుగుత?”

కారు పోతుందని కాదు నా భయం. ఈ మనిషి షాపు మానేసి, ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రేపో మాపో అది మళ్ళీ పడిపోతుందని ఎదురుచూస్తూ కుర్చీలో కూర్చుంటాడు. నేను ఎదురుగా కూర్చుని ఆ చేతినే చూస్తూ ఉంటాను. శనివారమంతా ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరిగాను. ఆయన మాత్రం టీవీ ముందు కూర్చున్నాడు, టీవీ చూడలేదు.

ఆదివారం పొద్దున నేనే తాళంచెవి తీశాను. ఎప్పుడో డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని లైసెన్సు తీసుకున్నదాన్నే, ఆ తర్వాత స్కూటీ తప్ప ఏదీ ముట్టలేదు. ఎల్లకాలం ఒకరే నడపాలా, నేను నేర్చుకుంటాను, బండి అమ్మేది లేదని చెప్పాను. బావ వద్దనలేదు, సరే అననూ లేదు. చెప్పులేసుకుని నా వెనక గ్రౌండ్‌కు వచ్చాడంతే.

ఇంజను స్టార్ట్ చేశాను. బావ పక్క సీట్లో కూర్చున్నాడు. కాస్త ముందుకు పోనిచ్చి, గోడ వస్తోందని తిప్పబోయాను. తిరగలేదు. బ్రేకు తొక్కి మళ్ళీ తిప్పాను. మూలుగు తప్ప కదలిక లేదు. కొత్త కదా అట్లనే ఉంటుంది, రెండు చేతులతో పట్టి తిప్పమన్నాడు బావ. పట్టాను. బిందెలు మోసిన చేతులు నావి, గ్రైండర్ లేని రోజుల్లో రుబ్బురోలు తిప్పిన చేతులు. ఆ రోలైనా నయం. చెమటలు కారుతున్నాయి, నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదా, కారు మీదా, లోకం మీదా కోపమొచ్చింది.

“గట్లయితే నాక్కూడ వచ్చిందా బావ, పక్షవాతం?”

బావ నా వైపు తిరిగాడు. చాలాసేపు నా చేతులనే చూశాడు. తర్వాత దిగి, చుట్టూ తిరిగి నా వైపుకొచ్చి, కిటికీలోంచి కుడిచెయ్యి పెట్టి స్టీరింగ్ పట్టుకున్నాడు. ఏ రోగం లేని కుడిచెయ్యి అది, పెద్ద పెద్ద స్పానర్లు తిప్పే చెయ్యి. దానికీ తిరగలేదు. ఇన్నాళ్ళూ ఆ చేతిని విడిగా పరీక్షించాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

బానెట్ ఎత్తాడు. పక్కన ప్లాస్టిక్ డబ్బా ఒకటుంది, పవర్ స్టీరింగ్ ఆయిల్ పోసేది. మూత తీస్తే అడుగున కాస్త ఎర్రటి నురగ తప్ప ఏమీ లేదు. నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఇంజను నడుస్తున్నప్పుడు ఒక పంపు ఈ ఆయిల్‌ను తోస్తుంది, మన బదులు ఆ ఆయిలే చక్రాలను తిప్పుతుంది. ఆయిల్ అయిపోతే పంపు గాలి పీల్చి మూలుగుతుంది, బరువంతా మన చేతుల మీద పడుతుంది. మూలుగూ బరువూ రెండూ ఒకటే రోగం.

“ఇంత ఆయిల్ యాడికి పోయింది? గచ్చు మీద ఎర్రగ ఏమన్న కనపడ్డదా నీకు?”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శుక్రవారం నుంచి కారు ఇంటి దగ్గర లేదు. శనివారం, ఆదివారం వాకిలి తెల్లగా ఉంది. కుంకుమ ఇన్నాళ్ళకు వదిలిందని సంతోషపడ్డాను కూడా. గుమ్మడికాయ సంగతి, మేస్త్రీని తిట్టిన సంగతి, అంతా చెప్పాను. పొద్దున్నే ఎవరూ లేవకముందే కడిగి పైన ముగ్గేస్తే ఆయనకు మాత్రం ఎలా కనపడుతుంది? బావ బండి అంచు పట్టుకుని నవ్వాడు. ఎండాకాలం తర్వాత ఆ నవ్వు నేను వినలేదు.

ఆయిల్ సీసా తెచ్చి నింపి, నాచారం మెయిన్ రోడ్డు మీద తెలిసిన మెకానిక్ షెడ్డుకు మెల్లగా పోనిచ్చాం. మెకానిక్ బండి కింద తడి చూసి, చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాకే పోయింది, మొత్తం దించాలి, వదిలిపొమ్మన్నాడు. బావ ఒప్పుకోలేదు. తన షాపులో మాట్లాడే గొంతు వచ్చేసింది ఆయనకు. ముందు అంతా గుడ్డతో పొడిగా తుడిపించాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, ఇంజను ఆన్‌లో ఉంచి, ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పమన్నాడు. స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు ఏమీ లేదు. చివరిదాకా తిప్పి పట్టినప్పుడే లోపలెక్కడో చుక్క రాలుతోంది. మా గేటు మలుపు దగ్గరే రోజూ ఎందుకు కారిందో నాకు అప్పుడు తెలిసింది.

చుక్క ఎక్కణ్ణుంచి అన్నది మాత్రం కనపడలేదు. టార్చి వేసినా వెనకవైపు చీకటి. ఇంజను ఆపించి, చల్లబడ్డాక మెకానిక్ చెయ్యి పెట్టబోయాడు, ఆయన లావుపాటి మోచెయ్యి దూరలేదు. బావ చెయ్యి సన్నం, కానీ బ్యాటరీ పక్క సందు వంపుకు ఎడమ చెయ్యి మాత్రమే పోతుంది. బావ కాసేపు ఆ సందును చూస్తూ నిల్చున్నాడు. నేను స్టీరింగ్ పట్టుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి ఆయన్నే చూస్తున్నాను. జేబులోంచి చెయ్యి తీశాడు. మోచేతిదాకా లోపలికి పోయింది. కళ్ళు మూసుకుని వెతికాడు.

“పైపు, అన్నా, ర్యాక్ కాదు. గోరంత పగులు. నా వేలికి తగులుతుంది.”

మెకానిక్ పైపు విప్పి తీస్తే ఆయన చెప్పిన చోటే పగులుంది. కొత్త పైపు వేయించుకుని, ఆయిల్ నింపించుకుని, సాయంత్రానికి ఇంటికొచ్చాం. బావే నడిపాడు. మా గేటు మలుపు ఒక్క ఊపులో తిరిగింది. ఎదురింటి బాల్కనీలో ఎవరూ లేనందుకు నాకు చాలా బాధేసింది.

సోమవారం పొద్దున బకెట్టు, చీపురు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళేసరికి బావ నాకన్నా ముందే అక్కడున్నాడు. డ్యూటీ బట్టలేసుకుని, కారు పక్కన గొంతుక్కూర్చుని, బంపరు కింద గచ్చు మీద అరచెయ్యి ఆనించి తడుముతున్నాడు. నన్ను చూసి ఆ చెయ్యి నా ముఖం ముందుకు చాపాడు.

“సూడు, తడి లేదు.”

ఎడమ చెయ్యి. చూపించమంటే ఇన్నాళ్ళూ జేబులో దాచుకున్న చెయ్యి. నేను గచ్చు వైపు చూడనే లేదు. బకెట్టు కింద పెట్టి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా వేళ్ళు నొక్కాడు, విరుగుతాయేమో అన్నంత గట్టిగా. నొప్పి పుట్టింది. వదలమని నేను అనలేదు.