మగమనిషి లేని ఫ్యామిలీ

పాప టెన్త్ పాసైందని ఈ మధ్యాహ్నం దాన్నీ, మా అమ్మనీ వెంటబెట్టుకుని పెడన నుంచి గుడివాడ వెళ్ళాను. అక్కడ కొత్తగా పెట్టిన హోటల్లో, ఏసీ ఫ్యామిలీ రూములో కూర్చుని బిర్యానీ తినాలని పాప నెల రోజులుగా అడుగుతోంది.

రూము తలుపు దగ్గర సర్వరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీవాళ్ళని రానివ్వండమ్మా, అప్పుడు కూర్చుందురుగాని."

"ఇంకెవరూ రారు. మేం ముగ్గురమే."

"మగవాళ్ళు లేకుండా లోపలికి పంపకూడదండీ. ఇది ఫ్యామిలీలకి. మీరు బయట హాల్లో కూర్చోండి."

"మా అమ్మ, నేను, నా కూతురు. మేం ఫ్యామిలీ కాక మరేంటయ్యా?"

"నాతో ఎందుకండీ గొడవ? ఓనరుగారు పెట్టిన రూలు."

హాల్లో అందరూ తినడం ఆపి మావైపే చూస్తున్నారు. పాప నా చెయ్యి లాగి, "ఇంటికెళ్ళిపోదాం అమ్మా" అంది.

అప్పుడే చేతులు కడుక్కుని వస్తున్న ఒకాయన ఆగి, "మావాళ్ళేలేవయ్యా, కూర్చోనీ" అన్నాడు. ఆయనెవరో మాకు తెలియదు. సర్వరు ఆయన పేరు కూడా అడగలేదు, వెంటనే తలుపు తీశాడు. ఆయన మూతి తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ ఆయనకి దణ్ణం పెట్టింది. నేను పెట్టలేదు.

బిర్యానీ బాగానే ఉంది. పాప మాత్రం సగం వదిలేసింది.

తిరుగు బస్సులో, "ఆయన మనకేమవుతాడమ్మా?" అని అడిగింది.

"ఏమీ కాడు."

"మరి ఆయన చెబితే ఎందుకు పంపించాడు?"

తర్వాత చెబుతానన్నాను. మీలో ఎవరికైనా తెలిస్తే రాయండి, రేపు పొద్దున దానికి చెబుతాను.