ఎనిమిది చెక్కదిమ్మలు, ఒక సున్నా

వికారాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో పదిహేనేళ్లు పాఠాలు చెప్పి, ఆఖరికి యాజమాన్యంతో గొడవపడి బయటికొచ్చాను. తప్పు వాళ్లదే, కానీ ఆ సంగతి ఇక్కడ అక్కర్లేదు. పిల్లల ఎదుగుదల మీద పరిశోధన చేసే హైదరాబాద్ వాళ్లెవరో స్థానికంగా మనుషుల్ని వెతుకుతున్నారని తెలిసి అందులో చేరాను. పని చిన్నదే. ఐదేళ్లు నిండబోతున్న పిల్లల్ని రెండు చోట్ల చూసి పోల్చాలి. ఒకటి వికారాబాద్‌లో ఉద్యోగస్తుల కాలనీ. రెండోది తాండూరులో బండలు పాలిష్ చేసే షెడ్ల చుట్టూ ఉన్న ఇళ్లు. రెండు చోట్లా అదే పెట్టె, అవే ప్రశ్నలు, అదే గడియారం.

పెట్టెలో ముఖ్యమైనవి ఎనిమిది చెక్కదిమ్మలు, పేర్చిన దిమ్మకో మార్కు. "ఇవి ఒకదాని మీద ఒకటి పెట్టు" అని రెండుసార్లు చెప్పాలి. అంతకు మించి ఒక్క మాట అనకూడదు. నన్ను నోరు మూసుకుని కూర్చోమన్న ఉద్యోగం నా జన్మలో ఇదొక్కటే.

కాలనీ పిల్లలు పెట్టె మూత తీయకముందే "బ్లాక్సా ఆంటీ?" అనేవారు. వాళ్ల ఇళ్లలో అలాంటివి బుట్టలకొద్దీ ఉన్నాయి. ఒక్కో దిమ్మ పెట్టడం, తల్లి మొహం చూడటం, తల్లి "వెరీ గుడ్" అనడం. మీరు మాట్లాడకూడదమ్మా అని ఒకావిడకు మూడుసార్లు చెప్పాను. మాట్లాడటం మానేసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

తాండూరుకు పొద్దున రైల్లో పోయేదాన్ని. పరీక్ష అంగన్‌వాడీ గదిలో. మార్చిలో ఒకరోజు పాలిష్ షెడ్డులో పనిచేసే ఆమె కూతురు వచ్చింది. రెండు జడలు, జుట్టు మీద రాతిపొడి. దిమ్మలు ముందు పెట్టి, చెప్పాల్సిన వాక్యం చెప్పాను. ఆ పిల్ల ఒక దిమ్మ తీసుకుని, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఎడమ పక్కన పెట్టేసింది. రెండోదీ అంతే. తొందరేమీ లేదు. ఎనిమిదీ ఎడమ పక్కకు చేరాక చేతులు దులుపుకుంది.

"గివి బాగలెవ్వు," అంది.

రెండోసారి వాక్యం చదివాను. ఈ పెద్దావిడకు ఏం తెలుసులే అన్నట్టు నన్ను చూసింది. సమయం అయిపోయింది. మొండిపిల్ల అనుకుని సున్నా వేశాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. గుడ్లు పంచే వేళకు నేను గది ఖాళీ చేయలేదని అంగన్‌వాడీ టీచర్ నా మీదికి లేచింది.

"రోజు గిట్ల వచ్చి చాప మీద కూసుంటే నా పిల్లలు యాడ తినాలె మేడం?"

"తినుడు సరే, ఇక్కడ నేర్పుడు గూడ ఏమన్న ఉన్నదా? గా రెండు జడల పొల్లకు దిమ్మ మీద దిమ్మ పెట్టరాలే. సున్నా ఏసిన!"

ఎవరికెంత వచ్చిందో కన్నవాళ్లకు కూడా చెప్పకూడదు. మొదటి రోజే సంతకం పెట్టించుకున్నారు. మాట నోరు దాటాక సంతకం ఏం చేస్తుంది?

తర్వాతి వారం ఆ పిల్ల తల్లి స్టేషన్ దారిలోనే నాకు అడ్డం వచ్చింది. పైట కొంగు మొహానికి చుట్టుకుని ఉంది. కళ్లు మాత్రమే కనపడుతున్నాయి.

"నా బిడ్డకు తెలివి లేదని రాసినవట గద మేడం?"

"నేనెప్పుడు రాసిన?"

"సున్నా ఏసినవట. టీచరమ్మ చెప్పింది. బడిల పేరిచ్చే పిల్లల లిస్టు ఆమెనే రాస్తది. గీ యేడు వద్దు, పెద్ద దవఖానల సూపియ్యమంటున్నది."

"ఒక్క యేడే గద..."

"ఒక్క యేడు బడికి పోకుంటె నా ఎంట మిషన్ కాడ ఉంటది. ఇగ ఆడనే ఉంటది. నేను గట్లనే పెరిగిన, నాకు తెల్వదా?"

ఆమెకు పనికి ఆలస్యమవుతోంది. మాట్లాడుతూనే షెడ్డు దాకా వెంట వెళ్లాను. వాకిట్లో నీలం బండలు, పసుపు బండలు గోడకు ఆనించి ఉన్నాయి. ఆమె ఒక చిన్న బండ లేపి, అంచు మీద నిలబెట్టి, వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించింది. టంగుమంది. కుడి పక్కన పెట్టింది. ఇంకోటి డబ్‌మంది. దాన్ని ఎడమ పక్కకు తోసింది.

"అదెందుకు తీసేసినవ్?"

"లోపట నెర్రె ఉన్నది. కంటికి కనవడది. మిషన్ కింద పెడితె పలుగుతది."

ఆమె వెనకాల నేల మీద కూతురు కూర్చుని ఉంది. చుట్టూ అరచేతంత బండముక్కలు. కొట్టడం, వినడం, కుడికో ఎడమకో పెట్టడం. కుడి పక్కన ఉన్నవాటితో గోడ కడుతోంది. లెక్కపెట్టాను. తొమ్మిది వరసలు, ఎక్కడా వంకర లేదు.

చెక్క మోగదు. ఎనిమిదీ పగిలినవేనని ఆ పిల్ల తేల్చుకుని, పగిలినవాటితో గోడ కట్టకూడదు గనక ఊరుకుంది. నేను సున్నా వేశాను.

అక్కడి నుంచే పైఅధికారికి ఫోన్ చేశాను. పీహెచ్‌డీ చేసిన అమ్మాయి. నన్ను ఆంటీ అంటుంది, నాకు మండుతుంది.

"ఆంటీ, మనం అడిగింది పేర్చమని. పేర్చలేదు. స్కోరు సున్నానే."

"పనికిరాని వాటిని పేర్చొద్దని ఆ పిల్లకు తెలుసు. ఆ తెలివికి మార్కు యాడ ఉన్నది మన ఫారంల?"

"అది మనం కొలవట్లేదు."

"గదే అడుగుతున్న. ఎందుకు కొలుస్తలేం?"

"రెండు చోట్లా ఒకే కొలత ఉంటేనే కదా పోల్చగలం. తాండూరుకో కొలత, కాలనీకో కొలత పెడితే ఇక పోల్చేదేముంది?"

ఆ మాట తప్పని ఇప్పటికీ అనలేను. అందుకే ఇంకా మండింది. ఆ తల్లిని అడిగి ఆరు బండముక్కలు సంచిలో వేసుకున్నాను. రెండు నెర్రెవి, నాలుగు మంచివి. మర్నాడు కాలనీలో ఆరుగురు పిల్లల ముందు పెట్టి, ఇందులో బాగాలేనివి తీసేయమన్నాను. ఆరుగురూ ఆరు ముక్కల్నీ చకచకా పేర్చి తల్లుల వైపు చూశారు. ఒక తండ్రి ఇంజనీరు. వంగి, కళ్లద్దాలు సవరించుకుని చూసి, "అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ?" అన్నాడు. ఆయనకు సున్నా వేయాలని చెయ్యి లాగింది.

ఆ కబురు విని పీహెచ్‌డీ అమ్మాయి నవ్వింది. "బాగుంది ఆంటీ. కానీ చేతిసంచిలో రాళ్లు తీసుకెళ్లి చేసింది పరిశోధన అవ్వదు. మీరు చూసింది అభిప్రాయాల గడిలో రాయండి." రెండు గీతల గడి అది. అంచుల చుట్టూ తిప్పి రాసి, కాగితం వెనక కూడా నింపాను. పోరగా పోరగా ఇంకో దారి ఒప్పుకుంది. దిమ్మలు ముట్టుకుని కూడా ఒక్కటీ పేర్చని పిల్లలకు రెండు వారాల తర్వాత ఇంకోసారి అవకాశం ఇవ్వొచ్చట. ఈలోగా ఎవరూ నేర్పకూడదు.

ఆ తల్లికి తేదీ ఒక్కటే చెప్పి రావాల్సింది. నేను ఎగురుకుంటూ షెడ్డుకు పోయి మొత్తం చెప్పేశాను. "నీ బిడ్డ తెలివి తక్కువది కాదు. నీ లెక్కనే కొట్టి చూసింది. అందుకే కట్టలే!"

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. మిషన్ ఆపి, కూతురి చేతి వైపు చూసింది. "కొట్టి చూసినందుకా," అని మాత్రం అంది.

రెండు వారాల తర్వాత పిల్ల తలస్నానం చేసి వచ్చింది. జడలకు కొత్త రిబ్బన్లు. తల్లి ఒకపూట పని మానుకుని గుమ్మంలో నిలబడింది. వాక్యం చదివాను. పిల్ల ఎడమచేతి పిడికిలి బిగించి తొడ కింద పెట్టుకుంది. కుడిచేత్తో ఒక్కో దిమ్మా తీసి పేర్చింది. కొట్టలేదు, వినలేదు. ఎనిమిదోది పెట్టి తల్లి మొహం చూసింది, అచ్చం కాలనీ పిల్లల్లా. తల్లి చప్పట్లు కొట్టలేదు. కొంగుతో నుదురు తుడుచుకుంది.

గడియారం ఆపాక అడిగాను. "మొన్న గివి బాగలెవ్వన్నవ్ గద?"

"అమ్మ కొట్టొద్దన్నది."

"ఎందుకట?"

"కొడితె బడికి తోలరట."

"నోర్ముయ్యే!" అంది తల్లి గుమ్మంలోంచి. తర్వాత నాతో, "చిన్నపొల్ల, ఏమో ఒర్లుతది. గిప్పుడు సక్కగనే పెట్టింది గద మేడం?"

ఫారం అడుగున ఒక ప్రశ్న ఉంటుంది. పరీక్షకు ముందు ఎవరైనా పిల్లకు నేర్పారా? అవును, లేదు. అవునని టిక్కు పెడితే ఈ పరీక్ష చెల్లదు, పాత సున్నానే నిలుస్తుంది. అంగన్‌వాడీ టీచర్ నా వెనకే నిలబడి ఉంది. కాగితం చూస్తేగానీ పేరు రాయనని పొద్దున్నే చెప్పింది.

అందరితో వాదించే నేను ఆ గడి ముందు ఎవరితోనూ వాదించలేదు. లేదు అని టిక్కు పెట్టాను. ఎలాగూ సంతకం తప్పానని, కాగితం టీచర్ చేతికిచ్చాను. ఆమె చదువుకుని, లిస్టులో అడుగున ఆ పిల్ల పేరు ఎక్కించింది. జూన్‌లో బడికి పోయింది.

ఆ ఎనిమిది మార్కులు తాండూరు పిల్లల సగటులో కలిసిపోయాయి, దాన్ని ఆవగింజంత పైకి లేపే ఉంటాయి. ఆ పిల్ల మళ్లీ ఏ రాయినైనా కొట్టి చూసిందో లేదో ఏ గడిలోనూ లేదు. బండముక్కలు ఆరూ నా బల్ల మీదే ఉన్నాయి. అప్పుడప్పుడు కొట్టి చూస్తాను. నెర్రెవి ఏ రెండో నాకింకా తెలియదు.