నేను వదిలెయ్యమన్న మనిషి

ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. కరోనా తగ్గిన మరుసటి ఏడు, వేసవి సెలవులు. ప్రొద్దుటూరులో మా గేమ్ సెంటర్‌కు పోయిన కరెంటు అప్పుడే వచ్చింది. టీవీలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఆ వెలుగులో గడప దగ్గర షమీమ్ కనిపించింది. పులివెందుల బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, ముఖం మీద దుమ్ము అట్లే ఉంది. చంకలో సంచి, సంచిలో గేమ్ మిషను.

"కూర్చో పాపా, నీళ్ళు తాగు" అన్నాను.

"నీళ్ళకు రాలేదవ్వా. ఆ ఆట ఈడ, అందరూ ఉన్నప్పుడే ఆడల్లని వచ్చినా" అంది. కూర్చోలేదు.

ఆ రోజు సంగతి అర్థం కావాలంటే ముందు మా పని గురించి చెప్పాలి. గేమ్ సెంటర్ అంటే పెద్ద విద్యేమీ కాదు. టీవీ, దానికి తగిలించిన మిషను, రెండు చేతులతో పట్టుకునే బొత్తాల పెట్టె. ఆ పెట్టెను కంట్రోలర్ అంటారు. గంటకింత అని ఇచ్చి ఆడుకుని పోతారు. మా ఆయన బతికున్నప్పుడు అదే గదిలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. ఆయన పోయాక అంగడి నా చేతికొచ్చింది. క్యాసెట్లు పోయాయి, సీడీలు పోయాయి, ఆటలు వచ్చాయి. నేను పోలేదు.

నేను పుట్టింది లింగాల అవతల, మేకల మధ్య. బడి గడప తొక్కలేదు. తెలుగు అక్షరాలు యాభై దాటాక సాయంత్రం బడిలో దిద్దాను. ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది ఈ షమీమే. పెళ్ళికి ముందు నా దగ్గర పని చేసేది. డిస్కుల అట్టల మీద పేర్లు చూపించి, "ఇది బి, ఇది డి, కడుపు యాపక్క ఉండాదో సూడవ్వా" అని విసుక్కోకుండా చెప్పేది. పెళ్ళయి పులివెందులకు పోయింది. భర్త మస్తాన్ కువైట్‌లో డ్రైవరు. అతను మిషన్లు కొనిచ్చాడు, ఈమె ఆ వేసవిలోనే బస్టాండు దగ్గర సొంతంగా గేమ్ సెంటర్ తెరిచింది. ఆ అంగడి నిలబడితే కాంట్రాక్టు ముగియగానే మస్తాన్ వచ్చేస్తాడు, ఇద్దరూ కలిసి నడుపుకుంటారు. నిలబడకపోతే అతను మళ్ళీ సంతకం పెట్టాలి. నా దగ్గర నేర్చుకున్న పిల్ల అంగడి పెట్టిందని వచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఇక ఆట. చచ్చిన మనుషులు లేచి బతికున్న వాళ్ళను కరుస్తుంటారు. కరిపించుకున్న వాళ్ళూ అట్లే తయారవుతారు. మిగిలిన కొద్దిమంది ఎట్లా బతికి బయటపడాలన్నది ఆట. కాల్చడం, పరుగెత్తడం తక్కువ. నిర్ణయాలు ఎక్కువ. ఉన్నట్టుండి తెర ఆగి రెండు మాటలు కనపడతాయి, వాటిని ఆప్షన్లు అంటారు. కింద ఒక గీత తరిగిపోతూ ఉంటుంది, అది టైమర్. గీత అయిపోయేలోగా ఏదో ఒకటి నొక్కాలి. నువ్వు నొక్కింది ఆట గుర్తు పెట్టుకుంటుంది, ముందుకు పోయాక దాని ఫలితం చూపిస్తుంది.

మా అంగట్లో ఈ ఆటను ఎవరూ ఒంటరిగా ఆడరు. ఒకరు కంట్రోలర్ పట్టుకుంటారు, ఒకరు ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్తారు, మిగతావాళ్ళంతా అరుస్తారు. మాట తేలకపోతే అందరూ నా వైపు తిరుగుతారు. "అవ్వ మాటే" అంటారు. నేను చెప్పిందే నొక్కుతారు. మొదటి భాగం అట్లాగే ముగించాం. చివర్లో బంగారు పని చేసే మాబు తువ్వాలుతో కండ్లు తుడుచుకుంటూ, ఏసీ గాలికి నీళ్ళొచ్చాయని బుకాయించాడు. మా అంగట్లో ఏసీ లేదు.

ఆ మొదటి భాగంలో ఒక ముసలి వంటాయన ఉన్నాడు. అసలు పేరుకు మా నోళ్ళు తిరగలేదు. మా వీధిలో పాయా అమ్మే ఆయన మాదిరి గడ్డం ఉందని హుసేనప్ప అని పిలుచుకున్నాం. ఎన్ని తిప్పలు పడైనా ఆయన్ను చివరిదాకా బతికించాం. అందుకే సీక్వెల్, అంటే రెండో భాగం, వస్తుందంటే మా వాళ్ళు మొదట అడిగింది ఒకటే. "హుసేనప్ప ఉంటాడా?"

ఉన్నాడు. షమీమ్ వచ్చిన ఆదివారానికి రెండు వారాల ముందు మాకు డిస్కు వచ్చింది. అంగడి క్రిక్కిరిసింది. ఆటలో ఒక పాత గోడౌన్. ఇనుప స్తంభానికి చేతులు కట్టేసి హుసేనప్ప కూర్చుని ఉన్నాడు. ఆయన్ను చచ్చినవాళ్ళు కరిచారేమోనని ఎవరో కట్టేసి పోయారు. తలుపు అవతల చచ్చినవాళ్ళ మూలుగులు. తెర ఆగింది, రెండు మాటలు వచ్చాయి. చదివే పని కేశవది. బంగారు అంగట్లో లెక్కలు రాస్తాడు, డిగ్రీ చదివినవాడు.

"వదిలేద్దామా, పట్టుకపోదామా? తొందరగా సెప్పండప్పా, గీత అయిపోతాంది!"

సగం మంది ఒకటి, సగం మంది ఇంకొకటి. అందరూ నా వైపు తిరిగారు. నాకు కనిపించింది కట్టేసిన ప్రాణం. మేకల దొడ్లో పెరిగినదాన్ని. పొద్దున్నే మా నాయన "వదిలెయ్" అన్నాడంటే తాడు విప్పి మేతకు తోలమని. పట్టుకపోవడమంటే పోలీసులు చేసేది.

"వదిలెయ్యండ్రా, పాపం ముసలాయప్ప!" అన్నాను.

నొక్కారు. ఆటలో మనవాళ్ళు హుసేనప్ప కట్లు ముట్టలేదు. వెనక్కి తిరిగి నడిచిపోయారు. ఆయన వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు. తలుపు విరిగింది. తర్వాతది నేను చూడలేకపోయాను.

అంగడి అంగడంతా లేచింది. "ఏందవ్వా ఇది? వదిలెయ్యమంటే సంపుతాదా!" నాకూ ఒళ్ళు మండింది. ఆ ముందురోజు నుంచి జమ్మలమడుగు సుబ్బరాయుడు, అక్కడ గేమ్ సెంటర్ నడిపే ఆయన, ఆట ఎట్లుందో చెప్పమని ఫోన్లో అడుగుతున్నాడు. డిస్కు కొనాలా వద్దా అన్నది నా మాట విని తేల్చుకుంటాడు. నేను ఫోను అందుకుని, వాట్సాప్‌లో బొత్తాం ఒత్తిపట్టి గొంతు చించుకున్నాను.

"సుబ్బరాయుడూ, ఇది ఆట కాదు, దగా! మనం యవర్ని వదిలెయ్యమంటే వాణ్ణే సంపుతాది. ఏది నొక్కినా ఒకటే. చేసినోళ్ళ చేతులిరగ! కొనొద్దు, ఆడొద్దు, దాని మొగం సూడొద్దు!"

నా తిట్టు అతనికి భలే నచ్చింది. జమ్మలమడుగు గుంపులో పెట్టాడు. అక్కడి నుంచి పులివెందులకు పోయింది. కొందరు దాన్ని రింగ్‌టోన్ చేసుకున్నారు. మార్కెట్లో ఎవరిదో ఫోను మోగితే "దాని మొగం సూడొద్దు" అని నా గొంతే వినిపించింది. వంకాయలు ఏరుతూ మురిసిపోయాను. మూడు ఊర్లలో ఆ రెండో భాగం చెత్తని పేరు పడింది. ఆ పేరు పెట్టింది నేనే. డిస్కు తీసి అటక మీద పడేసి, మళ్ళీ పెట్టనివ్వలేదు.

షమీమ్ తన అంగడిని ఆ రెండో భాగం మీదే ఆశ పెట్టుకుని తెరిచిందని నాకు తెలుసు. ఫోన్ చేసి, "అవ్వా, ఇంగొకసారి సూసి సెప్పు" అని బతిమాలింది. "నేను సెప్పింది సెప్పినా" అని పెట్టేశాను.

ఆదివారం ఆమె వచ్చింది అందుకు. సంచిలోంచి మిషను తీసి తనే టీవీకి తగిలించింది. మాబుకు వేళాకోళం ఆగలేదు.

"పులివెందులోళ్ళు పంచాయితీకొచ్చినారప్పా! జీపులేమన్నా వచ్చాండాయేమో బయట సూడండి!"

"నేనొక్కదాన్నే వచ్చినా మామా. బస్సులో. నిలబడుకోని" అంది షమీమ్. మాబు సర్దుకుని కూర్చున్నాడు.

గోడౌన్ దాకా ఆడింది. తెర ఆగి, రెండు మాటలు రాగానే పాజ్ నొక్కింది. తరిగిపోయే గీత ఎక్కడిదక్కడ నిలిచింది. కేశవ గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు సదవొద్దు కేశవన్నా. అవ్వ సదువుతాది."

అద్దాలు పెట్టుకున్నాను. ఆమె నేర్పిన అక్షరాలే. ఒక్కొక్కటే కూడబలుక్కుని "లీవ్... హిమ్" అన్నాను. చదివానని లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది.

"అంటే?"

"వదిలెయ్ అని."

"కట్లిప్పి వదిలేదా, కట్లతోనే ఇడిసిపెట్టి పొయ్యేదా?"

కేశవ వైపు చూశాను. అతను నేల చూస్తున్నాడు.

"ఇడిసిపెట్టి పొయ్యేదే" అన్నాడు మెల్లగా. "పట్టుకపొయ్యేదంటే కట్లిప్పి మనతో తోడుకోని పొయ్యేది."

"మరి ఆ పొద్దే ఎందుకు సెప్పలేదురా?"

"నువ్వు అప్పటికే ఫోన్లో తిడ్తాండావు కదవ్వా. నువ్వు తిట్టేటప్పుడు నీకు అడ్డమొచ్చిన మొగోడు ఈ అంగట్లో ఉండాడా?"

షమీమ్ రెండోది నొక్కింది. ఆటలో ఒకామె వంగి కత్తితో తాడు కోసింది. హుసేనప్ప మణికట్లు రుద్దుకుంటూ లేచాడు. ఏదో అన్నాడు. ఎవరూ అడగకుండానే కేశవ చెప్పాడు. "'మీరు నన్ను ఇడిసిపెట్టి పోరని నాకు తెలుసు' అంటాండాడు." ముసలాయన కుంటుకుంటూ వాళ్ళతో నడిచాడు. అంతే.

"ఏది నొక్కినా ఒకటే అన్యావు. ఒకటేనా అవ్వా?" అంది షమీమ్. "ఈ ఆటలో తప్పుల్లేవని నేను అంటల్యా. మొదటి దానంత లేదు. బిరీన అయిపోతాది. ఆటలో పిలకాయలకు మాటలు తక్కువ రాసినారు. తిట్టు, వద్దనను. చెయ్యని తప్పుకు తిడ్తే నేనేం జేసేది? పిల్లోళ్ళు నా అంగట్లోకి వచ్చి, నా కుర్చీలో కూచ్చోని, నీ గొంతు పెట్టుకోని నవ్వి పోతాండారు. ఆయప్ప కువైట్ నుంచి దినామూ అడుగుతాండాడు, సంతకం పెట్టాల్నా వద్దా అని."

బల్ల మీది నా ఫోను తీసి చేతికిచ్చింది. "అదే గొంతుతో సెప్పు. అంతే గట్టిగా."

ఫోను పట్టుకున్నాను. అందరూ చూస్తున్నారు. మాట తప్పుగా అర్థం చేసుకున్నందుకు నాకు సిగ్గు వెయ్యలేదు. ముసలిదాన్ని, చదువు రానిదాన్ని, ఎవరైనా సర్దుకుపోతారు. తెలియని దాని మీద అంత గొంతు వేసుకుని పడ్డందుకు, అది వంకాయల అంగడిలో వినపడితే మురిసినందుకు, ఈ పిల్ల ఫోన్ చేస్తే పెట్టేసినందుకు తల ఎత్తలేకపోయాను. ఆ సిగ్గులోంచి కూడా ముందు బయటికి వచ్చింది తప్పించుకునే మాటే.

"అయిందేదో అయిపాయ. ఇంగ వదిలెయ్ పాపా."

షమీమ్ నన్ను చూసింది. గొంతు పెంచలేదు.

"యా వదిలెయ్యవ్వా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

చెప్పాను. "తప్పు ఆటది కాదు, నాది. ఆ మాట నాకు తెలీలేదు. తెలుసుకోకుండా తిట్టినా. ఆడండి, ఆడి సూసి మీరే సెప్పండి." మొదటిసారి గట్టిగా రాలేదు. షమీమ్ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చెప్పాను. అదీ చాలలేదు. మూడోది పంపింది.

మొదటి మాట మూడు ఊర్లు తిరిగింది. రెండో మాట సుబ్బరాయుడి దగ్గర ఆగిపోయింది. అతను దండం పెట్టే బొమ్మ ఒకటి తిరిగి పంపాడు, అంతే. అందులో నవ్వుకోవడానికి ఏమీ లేదు కదా, ఎవరు పంచుకుంటారు? తర్వాతి వారం నేనే పులివెందులకు పోయి షమీమ్ అంగట్లో కూర్చున్నాను, వచ్చిన వాళ్ళకు నా నోటితో చెబుదామని. వాళ్ళు ఆట చూడలేదు. రింగ్‌టోన్ అవ్వ వచ్చిందని నాతో ఫోటోలు దిగారు. బళ్ళు తెరిచేలోపే ఆ అంగడి మూతపడింది. మిషన్లు జమ్మలమడుగుకు పోయాయి. మస్తాన్ మళ్ళీ సంతకం పెట్టాడు.

షమీమ్ నాతో మాట్లాడుతుంది. అదే నాకు కష్టం. పండక్కి సేమ్యా పంపుతుంది, గిన్నె కడిగి తిరిగి ఇచ్చేటప్పుడు ఏమి మాట్లాడాలో నాకు తోచదు.

ఇప్పుడు మా అంగట్లో ఆ మాట ఎవరూ అనరు. "ఇప్పు" అంటారు, లేదా "ఇడిసిపెట్టిపో" అంటారు. "అవ్వ మాటే" అనడం నేనే మాన్పించాను. కొత్త ఆట ఎట్లుందని ఎవరన్నా అడిగితే, ఆడినవాళ్ళను అడగమంటాను. అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి కాబట్టి, వచ్చాక అన్నీ తెలిసినట్టే అనుకున్నాను. అక్షరం పలకడం వేరు, అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలియడం వేరు. ఆ రెండోది నాకు ఆ పిల్ల అంగడి పోయాక వచ్చింది.

ఇప్పుడు ఈ సంగతి ఎత్తితే మా వాళ్ళలో ప్రతివాడూ "ఆ ఆదివారం నేను లేనవ్వా" అంటాడు. ఉన్నారు. చదివే కేశవ ఉన్నాడు. మాబు ఉన్నాడు. కంట్రోలర్ పట్టుకునే మగ్గాల రమణ, అతని తమ్ముడు లక్ష్మయ్య ఉన్నారు. టీ ఇవ్వడానికి వచ్చి గ్లాసులు పట్టుకుని అట్లే నిలబడిపోయిన కాశీం ఉన్నాడు. తెర మీద హుసేనప్ప ఉన్నాడు. షమీమ్ ఉంది. ఫోను చేతిలో పట్టుకుని ఓబులమ్మ, నేను, ఉన్నాను.