గుడివాడ నుంచి ఆమె వచ్చేదాకా

2023 మే నెల. బందరులో బస్టాండు వెనక సందులో నా ఫిజియోథెరపీ క్లినిక్. ఎండ మాడ్చేస్తోంది, కరెంటుకి నిలకడ లేదు, నాకూ అంతే. రోగి నోరు విప్పకముందే మెడ మీద చెయ్యేసి చూసే రకాన్ని.

గిలకలదిండి రేవు నుంచి ఏడుకొండలు గారొచ్చారు. మరబోటు డ్రైవరు, యాభై దాటిన మనిషి. వేట నిషేధం రెండు నెలలూ బోట్లన్నీ రేవులోనే ఉంటాయి. ఇంటిపట్టున ఉన్న ఆయనకి రోజూ తలనొప్పి, తల చుట్టూ మోకు బిగించినట్టు. బీపీ, స్కానింగ్ బాగానే ఉన్నాయని డాక్టరు నా దగ్గరికి పంపారు. దీన్ని టెన్షన్ టైప్ హెడేక్ అంటాం. మనసు కుదురుగా లేనప్పుడు దవడ, మెడ, భుజాల కండరాలు బిగుసుకుని తలంతా పట్టేస్తుంది.

"జూన్ పదిహేనుకి వేట మొదలండీ, ఈలోపు తగ్గాలి డాక్టరమ్మా. లేకపోతే ఓనరు ఇంకోణ్ణి ఎక్కిస్తానంటన్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ బోటు నా చేతిలోనే ఉంది" అన్నారు.

భుజం మీది ట్రెపీజియస్ కండరంలో ట్రిగ్గర్ పాయింట్లు, అంటే నొక్కితే నొప్పి తల దాకా పాకే ముడులు, గోలీకాయల్లా తగిలాయి. హాట్ ప్యాక్‌తో కాపడం పెట్టి, ముడులు నొక్కి సడలించాను. ఆయనకి సముద్రమంటే భయం పట్టుకుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. వేట సంగతి మర్చిపోయి ఇంట్లో ప్రశాంతంగా కూర్చోమని చెప్పి పంపాను.

నాలుగు రోజులకి ఇంకా ఎక్కువ నొప్పితో వచ్చారు. "కూర్చోమన్నారని కూర్చున్నానండీ. కూర్చుంటేనే చంపేస్తంది."

నాకు సిగ్గేసింది. మొదటిరోజే అడగాల్సింది అప్పుడడిగాను. "ఎన్నింటికి మొదలవుతుంది?"

"మధ్యాహ్నం రెండు దాటాక."

"తగ్గేది?"

"మా ఆవిడ గుమ్మంలోకొచ్చాక."

భార్య నాంచారమ్మ పొద్దున్నే రైల్లో గుడివాడ వెళ్ళి ఎండుచేపలు అమ్ముతుంది. కిందటేడు ఇలాంటి ఎండలోనే మార్కెట్లో కళ్ళు తిరిగి పడిపోయిందట. బేరాల్లో ఉంటే ఫోనెత్తదు. ఆమె వచ్చే వేళయ్యిందని రెండింటి నుంచీ ఈయన పళ్ళు బిగబట్టి కాలుగాలిన పిల్లిలా వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతారు.

"సముద్రం మీద నాకు తలనొప్పేంటండీ? అక్కడ చేతినిండా పనుంటది. ఇక్కడ ఎదురు చూడ్డమే పని."

దవడ వదులు చేసుకోవడం నేర్పాను. పెదాలు మూసి, పళ్ళు తగలకుండా ఉంచి, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసి వదలాలి. రేపట్నుంచి ఆవిడతోపాటు గుడివాడ వెళ్ళమని కూడా చెప్పాను.

వారం తిరక్కుండా నాంచారమ్మే ఆయన్ని వెంటబెట్టుకుని నా మీదకి తగువుకొచ్చింది. "గంప పక్కన ఈయన్ని కూచోబెడితే బేరాలేం సాగుతాయండీ? చేప ముట్టుకున్న ప్రతి మనిషినీ గుడ్లురిమి చూస్తన్నాడు."

తలనొప్పి మాత్రం సగానికి సగం తగ్గిందట. ఆయన బల్లెక్కి పడుకుంటుంటే ఆమె నవ్వుతూ అటు తిరిగింది. మెడ తిరగలేదు, భుజాలతో సహా మనిషంతా తిరిగింది. నా చెయ్యి ఊరుకోదు కదా, వెళ్ళి ఆమె మెడ మీద పడింది. ఆయనవి గోలీకాయలైతే ఈమెవి రాళ్ళు.

"మీకెప్పట్నుంచండీ తలనొప్పి?"

"ఈయన వేటకెళ్ళిన మర్నాడు పట్టుకుంటదండీ. బోటు రేవుకొచ్చాక పోద్ది. పెళ్ళయిన కాణ్ణుంచీ అంతే."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తే ఈయన సముద్రం మీద కుదురుగా ఉండగలడాండీ?"

ఏడుకొండలు గారు మెల్లగా బల్ల దిగారు. "ముందు దానికి పెట్టండి కాపడం" అన్నారు.

జూన్‌లో ఆ బోటే ఎక్కారు. మర్నాడు నాంచారమ్మ ఒక్కతే వచ్చింది. నా దగ్గరికి తప్పకుండా వెళ్తానని ఆయన ఆమె చేత ఒట్టు వేయించుకున్నారట. బల్ల మీద పడుకున్నా ఫోను గుప్పిట్లోనే ఉంది. మామూలుగా అయితే పక్కన పెట్టమని కసిరేదాన్ని.

"ఇప్పుడాయనకి తెలిసిపోయింది గదండీ. అక్కడ నడిసముద్రంలో తల పట్టుకుని కూచుంటాడేమో" అంది.

కాపడం పెట్టి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అంతసేపు ఊరికే కూర్చోవడం నాకదే మొదలు. ఇప్పుడు ఎవరు తలనొప్పని వచ్చినా ముందు మెడ పట్టుకోను. ఎవరికోసం ఎదురుచూస్తున్నారో అడుగుతాను.