వీరవేణి కొట్టిన పూర్తి పేరు

వీరవేణిది పాలకొల్లు. టైపు హయ్యరు ఫస్ట్ క్లాసులో ప్యాసై, 1985లో మా చక్కెర ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో ఆపరేటరుగా చేరింది. ఆ గదికి ప్రోగ్రామర్ని నేను. రైతుల పేర్లూ, ఎవరి చెరకు ఏ రోజు నరకాలో ఆ తేదీలూ ఆమె ఎక్కిస్తే, నా ప్రోగ్రాము ఏ రోజుకారోజు కటింగ్ ఆర్డర్లు అచ్చేసేది. ఆ ఆర్డరు అందితేనే రైతు చెరకు నరికి ఫ్యాక్టరీకి తేవాలి.

మహా పట్టింపు మనిషి. అంతకుముందు పనిచేసినాయన పొడుగు పేర్లని పొడి అక్షరాల్లోకి కుదించేసేవాడు. వీరవేణి ఒప్పుకునేది కాదు. "మల్లిడి వీరవెంకటసత్యనారాయణ గారంటే అంతా కొట్టాలి కదండీ. వి.వి.ఎస్.లు ఊరికి పదిమంది ఉంటారు" అనేది.

ఆ సీజన్లో గంగయ్య అనే రైతుకి కటింగ్ ఆర్డరు వెళ్ళలేదు. జాబితాలో సత్యనారాయణ గారి తర్వాతి పేరు ఆయనదే. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అని కాచుక్కూర్చుంటే, మూడెకరాల తోటా ఏప్రిల్ ఎండకి నిలువునా ఎండిపోయింది. ఆయన ఒక ఎండు గడ తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. అరవలేదు. "నా పేరెందుకు మర్చిపోయావమ్మా?" అని వీరవేణినే అడిగాడు.

మెషిన్లో జాబితా తీసి చూస్తే, గంగయ్య తేదీ ఉండాల్సిన చోట ఏవో పిచ్చి అక్షరాలున్నాయి.

"చూసుకునే కొట్టానండి" అంది వీరవేణి.

మేనేజరు చంద్రరావు గారు నావైపు తిరిగారు. "జోగేశ్వరరావు గారూ, మెషిన్ తప్పా, మనిషి తప్పా?"

నా ప్రోగ్రామంతా తిరగేశాను. తప్పు కనబడలేదు. పేర్లని మెమరీలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చే పని మాత్రం నేను రాసింది కాదు. అది మెషిన్‌తో పాటు కంపెనీ ఇచ్చిన లైబ్రరీలోది, అంటే వాళ్ళు ముందే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాముల కట్టలోది. దాన్ని తెరిచి చూడాలని కూడా నాకు తోచలేదు.

"కంపెనీ వాళ్ళు రాసిందాంట్లో తప్పుండదండి. కొట్టడంలోనే పొరపాటు" అన్నాను.

మర్నాటి నుంచి వీరవేణిని రావద్దన్నారు.

ఆమె స్థానంలోకి వచ్చినాయన మళ్ళీ పేర్లు కుదించాడు. ఏ గొడవా రాలేదు. నేనన్నదే నిజమని స్థిమితంగా ఉన్నాను.

రెండేళ్ళకి ఆయన సెలవు పెట్టిన రోజున, ఒక కొత్త రైతు పొడుగు పేరు నేనే పూర్తిగా కొట్టాను. జాబితాలో దాని తర్వాతి రైతు తేదీ చెడిపోయింది. అప్పుడు లైబ్రరీ లోపలికి దిగి, మూడు రోజులు ఒక్కో వరసా చదివాను. పేరుకి ఉంచిన చోటు ఇరవైనాలుగు ఇంగ్లీషు అక్షరాలకే. పేరు అంతకన్నా పొడుగైతే ఆ లైబ్రరీ ప్రోగ్రాము ఆగదు. చోటెంతుందో చూసుకోకుండా, మిగిలిన అక్షరాల్ని పక్క రైతు తేదీ మీద రాసేస్తుంది.

పాలకొల్లు వెళ్ళాను. వాళ్ళమ్మ బుల్లెమ్మ గారు తలుపు తీశారు. లోపల కిటికీ దగ్గర వీరవేణి లేసు అల్లుతోంది.

"అల్లిందంతా విప్పేసి మళ్ళీ అల్లుతుంది బాబూ. తన కుట్టు తనే నమ్మదు" అందావిడ గొంతు తగ్గించి.

జరిగింది చెప్పాను. వీరవేణి చేతులు ఆగిపోయాయి. "ఏ అక్షరం తప్పు కొట్టానా అని రోజూ వెతుక్కున్నానండి" అంది. లేసు పక్కన పెట్టి, "గంగయ్య గారికి చెప్పారా?"

"లేదు."

"ముందు ఆయనకి చెప్పండి."

చెప్పాను. "అయ్యో, ఆ పిల్లని అడిగానే" అని ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. చంద్రరావు గారు మాత్రం, "కంప్యూటరే తప్పంటే రైతులు మనల్ని నమ్ముతారా? ఊరుకోండి" అన్నారు. కంపెనీకి రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

రాజమండ్రిలో ఒక ప్రెస్సులో టైపు పని చూసిపెట్టి కబురు చేశాను. వీరవేణి వచ్చింది. టైపు మిషన్ ముందు కూర్చుని, కాగితం ఎక్కించి, వేళ్ళు అక్షరాల మీద పెట్టింది. ఎంతసేపటికీ ఒక్క అక్షరం పడలేదు.

"వద్దండి. ఏది కొట్టినా తప్పేననిపిస్తోంది" అని లేచింది.

బస్టాండు దాకా వెంట నడిచాను. నన్నొక మాటన్నా అంటుందేమోనని చూశాను. కోప్పడినా బాగుండేది. "వెళ్ళొస్తానండి" అని మర్యాదగా చెప్పి బస్సెక్కింది.