మెదక్‌లో నల్ల పీచు, తెల్ల సేమియా

బాలానగర్‌లో మెదక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి ఉదయం ఏడు దాటింది. చేతిలో ఆధార్ కార్డు, భుజానికి బ్యాగు, చంకలో నా అంత పొడుగున్న తెల్లటి గుడ్డచుట్ట. ఆడవాళ్ళకు జీరో టికెట్టు కాబట్టి బస్సు ఖర్చు లేదు గానీ, ఆ చుట్టను చూసి కండక్టరమ్మ మొహం చిట్లించింది.

"గదేంది అక్కా, పరుపా?"

"కాదమ్మా, సంచులు. ఫ్యాక్టరీలో గాలిని వడగట్టేవి."

"గాలిని గూడ వడగడ్తరా? సరే, డ్రైవరు ఎనక పెట్టు. ఎవ్వరి కాళ్ళకు అడ్డం రావద్దు."

నా పక్కన కూర్చున్న కుల్చారం రైతు ఒకాయన ఆ చుట్టనే చాలాసేపు చూసి, "గింత పెద్ద గలీబుకు దిండు యాడ దొర్కుతది బిడ్డా?" అనడిగాడు. మా సంచులు నిజంగానే దిండు గలీబుల్లా ఉంటాయి. ఒక పక్క మూసి, ఒక పక్క తెరిచి, మనిషెత్తు పొడుగు. బాలానగర్‌లో మాది చిన్న కుట్టు వర్క్‌షాపు. సిమెంటు, పిండిమర, మందుల కంపెనీ, దుమ్ము లేచే చోట ఎక్కడైనా ఇలాంటి సంచులు కావాలి. కుట్టి పంపడమే తప్ప అవి ఎక్కడ వేలాడతాయో నేను చూసింది చాలా తక్కువ. ఈసారి మాత్రం మెదక్ నుంచి రాజిరెడ్డి ఫోన్ చేసి, సంచులతో పాటు నన్ను కూడా రమ్మన్నాడు. గొంతు వింటే పిలుపులా లేదు, మొరలా ఉంది.

నర్సాపూర్‌లో బస్సు పది నిమిషాలు ఆగింది. స్టాండులో ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీలో మాత్రం నీళ్ళ మధ్య పల్లీలను వెతుక్కోవాలి. ఇక్కడొక మాట. కిటికీ పక్కన కూర్చుని అరటిపండు ఒలిచే అలవాటున్నవాళ్ళు అడవి దాటేదాకా ఓపిక పట్టండి. అక్కడి కోతులకు మొహమాటం లేదు. నా ముందు సీటావిడ పండు సగం ఒలిచిందో లేదో, తొక్క ఆవిడ చేతిలో, పండు చెట్టు మీద.

దారిలో మీకు అసలు సంగతి చెప్తాను. రాజిరెడ్డిది వ్యవసాయ కుటుంబం. ఇంజనీరింగ్ చదివి, పుణేలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి తిరిగొచ్చి, మెదక్ పట్టణం అంచున ఒక షెడ్డు వేసి కార్బన్ నానోట్యూబులు తయారు చేస్తున్నాడు. పేరు విని బెదరకండి. బొగ్గులో ఉండే కార్బనే సన్నటి గొట్టాలుగా పెరుగుతుంది. ఎంత సన్నమంటే విడివిడిగా కంటికి ఆనవు, లెక్కలేనన్ని కలిసి చిక్కుపడితేనే నల్లటి దూదిలా కనిపిస్తాయి. బ్యాటరీల్లోకి, ప్రత్యేకమైన రంగుల్లోకి వాడతారు. ఎర్రగా కాలే కొలిమి గొట్టంలోకి గ్యాసు పంపితే అవి ఆ గ్యాసులోనే పుట్టి, దాంతోపాటే పొగలా కొట్టుకొస్తాయి. తంటా అక్కడే. గ్యాసును పోనివ్వాలి, సరుకును ఆపాలి.

ఆపేది మా సంచి. చల్లబడిన గ్యాసు బయటినుంచి సంచి లోపలికి దూరి పైకి పోతుంది, నల్ల పీచు బయటే అంటుకుంటుంది. అప్పుడప్పుడు లోపలినుంచి నైట్రోజన్‌ను ఒక్కసారిగా ఊదితే అంటుకున్నది రాలి కింద డ్రమ్ములో పడాలి. గ్యాసులో హైడ్రోజన్ ఉంటుంది, అందుకే మామూలు గాలి తగలనివ్వరు. రాజిరెడ్డి మొదట వాడిన సంచులు కంబళిలా నూగుగా ఉండేవి. ఆ నూగులో ఈ పీచు చిక్కుకుని ఎంత ఊదినా రాలలేదు. దారి మూసుకుపోయి, ఒత్తిడికి సంచి మూతి సడలి, సరుకంతా చిమ్నీలోంచి ఊరి మీదికి లేచింది. నేను తెచ్చినవి నున్నటి పొర అతికిన సంచులు. సూది పడిన ప్రతి కన్నం మీదా లోపలినుంచి పట్టీ వేసి వేడితో అతికించాను. మామూలు దుమ్ముకు ఇంత హంగామా చేయం.

మెదక్ చేరేసరికి పది. బస్టాండు నుంచి ఆటోలో రాందాస్ చౌరస్తా మీదుగా వెళ్ళాను. చర్చి గోపురం వెనక్కి జరుగుతూ చాలాసేపు కనిపించింది. షెడ్డు గేటు దగ్గర రాజిరెడ్డి ఎదురుచూస్తున్నాడు.

"అక్కా, చాయ్ తర్వాత తాగుదురు గని, ముందుగాల ఖైరున్ బీని కల్వుండ్రి. ఇయ్యాల నా షెడ్డు ఉండుడా పోవుడా ఆమె చేతుల్నే ఉన్నది."

షెడ్డు గోడకు అవతలే ఖైరున్ బీ ఇల్లు. అరవై దాటిన మనిషి, సేమియా చేసి అమ్ముతుంది. వాకిట్లో వెదురు బొంగులు నాటి వాటి మధ్య దండేలు కట్టి, తడి సేమియాను ఎండకు ఆరేస్తుంది. రంజాన్‌కు ఇంకా నెల కూడా లేదు, ఏడాది సంపాదన ఇప్పుడే. పోయిన వారం చిమ్నీ నుంచి లేచిన మసి ఆ దండేల మీద వాలింది. ఆ సేమియానంతా ఆమె గొయ్యి తీసి పాతిపెట్టింది. అప్పట్నుంచి ఇంట్లో ఫ్యాను కింద ఆరేస్తుంటే పులిసిన వాసన కొడుతోంది.

నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "గలీబులు కుట్టింది నువ్వేనా?" అంది.

"నేనే బీబీ."

"రాజిరెడ్డి మంచోడే. నల్లపొగ మల్ల కనవడితె షెడ్డుకు నేనే తాళమేస్త అని నాకు జబాన్ ఇచ్చిండు. ఇగో, మీ గోడ పక్కకు ఒక్క దండెం కడ్తున్న. మిషిని నడుపుండ్రి. సేమియా తెల్లగుంటె ఆయన బతుకుతడు, నల్లగైతె నేను బతుకుత. గంతే."

కొత్త సంచులు బిగించాక, పదకొండున్నరకు కొలిమి అందుకుంది. గాలి మా వైపునుంచి ఆ దండెం వైపే వీస్తోంది. లోపల ఊదిన ప్రతిసారీ, చిన్న అద్దపు కిటికీలోంచి చూస్తుంటే, నల్ల పీచు పాల మీద మీగడ లేచినట్టు పొరగా లేచి డ్రమ్ములోకి జారింది. నా మనసు పొంగింది. అంతదూరం వచ్చినందుకు ఇది చాలనుకున్నాను.

చాల్లేదు. గంట కాకముందే గోడ అవతలినుంచి కేక వినిపించింది. పరుగెత్తి వెళ్ళాం. సేమియా మీద అక్కడక్కడా మిరియం పొట్టులా నల్లటి చుక్కలు.

ఖైరున్ బీ కొంగుతో చెయ్యి తుడుచుకుని రాజిరెడ్డి వైపు చూసి, దండెం విప్పడం మొదలుపెట్టింది. అతను తలవంచుకుని మిషన్ ఆపించాడు. ఆ షెడ్డులో ఎనిమిది మంది పని చేస్తారు, వాళ్ళంతా నా మొహమే చూస్తున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

గొట్టాల్లో గ్యాసును నైట్రోజన్‌తో తరిమేసి, అంతా చల్లారాక మాస్కులు, చేతితొడుగులు వేసుకుని ఒక్కో సంచినీ విప్పాం. మూతిని వెనక్కి మడిచి లోపలి పక్క చూశాను. నేను కుట్టినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంతే తెల్లగా ఉంది. పట్టీ ఎక్కడా లేవలేదు. మరి ఈ నలుపు ఎక్కడిది? సంచి పైనున్న గొట్టంలోకి తడిగుడ్డ పెట్టి తుడిచాం. గుడ్డ కాటుకైంది. పాత సంచుల పుణ్యమా అని పేరుకున్న మసి అంతా అక్కడే కూర్చుని ఉంది. కొత్త సంచిలోంచి ఊపుగా వచ్చిన శుభ్రమైన గ్యాసు దాన్ని ఊడ్చి పైకి పంపింది. సంచి మార్చారు గానీ గొట్టం కడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, నాతో సహా.

పరుగున వెళ్ళి ఖైరున్ బీకి చెప్పాను, ఫోనులో తీసుకున్న సంచి ఫోటో కూడా తెరిచాను. ఆమె ఫోను వైపు చూడనే లేదు.

"నాకు సంచి చూపియ్యకు బిడ్డా, సేమియా చూపియ్యి. రేపు ఇంకో దండెం కడ్త. కాని ఒక్క షరతు. గా సేమియా నేనే వండుత, మీరిద్దరు నా ముందట కూసోని తినాలె. ఒప్పుకుంటెనే కడ్త."

"తింట బీబీ," అని రాజిరెడ్డి వెంటనే అన్నాడు. నేనూ తల ఊపాను, ఒక్క క్షణం ఆలస్యంగా.

గొట్టమంతా తుడిచేసరికి సాయంత్రమైంది. బస్టాండు దగ్గరి లాడ్జిలో గది తీసుకున్నాను. పరుపు గట్టిగా ఉన్నా దుప్పటి ఉతికినదే, వేడినీళ్ళు అడిగితే బకెట్టుతో తెచ్చిస్తారు. పొద్దు ఇంకా ఉంది కదాని చర్చికి వెళ్ళాను. అంత ఎత్తు కప్పు, రంగుటద్దాల కిటికీలు, చల్లటి నేల. వెళ్తే తీరిగ్గా వెళ్ళండి. నేనైతే బల్ల మీద కూర్చుని సూది కన్నాల గురించే ఆలోచించాను. కంటికి తెల్లగా కనిపించడం వేరు, శుభ్రంగా ఉండడం వేరు. ఆ తేడా మీదే నా బతుకు నడుస్తోంది. ఇన్నేళ్ళలో నేను కుట్టిన దాన్ని నమ్మి నోట్లో పెట్టుకోమని నన్నెవరూ అడగలేదు.

మర్నాడు ఎనిమిదింటికే కొలిమి వెలిగించారు. గాలిలో సన్నదుమ్మును కొలిచే చిన్న యంత్రం రాజిరెడ్డి దగ్గరుంది. దాన్ని గాలి వచ్చే వైపున్న గేటు దగ్గర పెట్టి చూశాను, దండెం దగ్గర పెట్టి చూశాను, మళ్ళీ గేటు దగ్గర. రెండు చోట్లా ఒకే అంకె చూపించింది, అంటే చిమ్నీ నుంచి కొత్తగా ఏమీ రాలట్లేదు. ఖైరున్ బీ దానికేసి చూసి, "గా డబ్బకు నాలిక ఉన్నదా?" అంది. పన్నెండు దాకా కుర్చీ వేసుకుని దండెం ముందే కూర్చుంది. సేమియా ఎండింది, విరిస్తే టప్పుమంది, తెల్లగానే ఉంది.

నేతిలో వేయించి, పాలు పోసి, చారపప్పు, ఖర్జూరం వేసి రెండు గిన్నెల్లో తెచ్చి మా ముందు పెట్టింది. వాసనకు ప్రాణం లేచొచ్చింది గానీ చెంచా మాత్రం లేవలేదు. రాజిరెడ్డి నా వైపు చూశాడు. యంత్రం అంకెలు తలచుకున్నాను, పట్టీ మీద నేను నొక్కిన ఇస్త్రీ తలచుకున్నాను, నోట్లో పెట్టుకున్నాను. తీపి కాస్త ఎక్కువైంది. మిగతాదంతా అద్భుతం.

"ఇంకొంచెం ఉందా బీబీ?" అనడిగాను.

ఆమె అప్పుడు నవ్వింది. నా చేతిలోని గిన్నె అందుకుని, నా చెంచాతోనే ఒక ముద్ద తాను తిని, "షక్కర్ జర ఎక్కువైంది గదా?" అంది. రాజిరెడ్డి కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టే ఊరుకున్నాను.

రెండున్నర బస్సుకు బయల్దేరాను. చంకలో చుట్ట లేక ఒళ్ళు తేలిగ్గా ఉంది. మెదక్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? చర్చి చూడండి, ఓపికుంటే ఖిల్లా ఎక్కండి, సేమియా తినండి. మాట ఇస్తే మాత్రం చూసుకుని ఇవ్వండి, ఆ ఊళ్ళో దాన్ని ఉడకబెట్టి మనకే వడ్డిస్తారు.

నర్సాపూర్ దాటుతుండగా రాజిరెడ్డి ఫోన్.

"అక్కా, బీబీ రేపట్నుంచి అన్ని దండేలు బయటనే కడ్తదట. మిషిని నడుపుకొమ్మన్నది."

"ఇంకేం మరి, సంతోషం!"

"సంతోషమే గని పూర్తిగ ఇనుండ్రి. జుమ్మా జుమ్మాకు ఒక్క దండెం మన గోడ పక్కకు కడ్తదట. అది నేను తినాలట. రంజాన్ అయినంక గూడ. మిషిని ఉన్నన్ని రోజులు."

పగలబడి నవ్వాను. బస్సులో నలుగురు తిరిగి చూశారు. ఆమె నా సంచిని నమ్మలేదు, నమ్మించుకునే అవకాశం ఇచ్చింది. వారానికొకసారి.

"రాజిరెడ్డీ, బీబీకి చెప్పు. ఆ దండెం నుంచి నా వంతు గుప్పెడు విడిగా తీసి బస్సులో పంపమను. కుట్టింది నేను కదా, నీ ఒక్కడి చేత తినిపిస్తే ఎట్లా?"