పల్లవి దగ్గర తగ్గే గిటార్

పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడి వైభవమంతా పల్లవి మొదలయ్యేదాకానే. పాడేవాడు నోరు తెరిచాడంటే చాలు, సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చున్నవాడు గిటార్‌ను తగ్గించేస్తాడు. రాజేందర్ ఇరవై ఏళ్లు అలా తగ్గుతూనే బతికాడు. ఫంక్షన్ హాళ్లలోకి డీజేలు వచ్చాక ఆర్కెస్ట్రా చెదిరిపోయింది. అతను ఆబిడ్స్‌లో సంగీత వాయిద్యాలు అమ్మే దుకాణంలో కుదురుకున్నాడు. వచ్చినవాళ్లకు గిటార్ శ్రుతి చేసి, నాలుగు ముక్కలు వాయించి చూపించడం పని. ఒక్క కోరిక మాత్రం లోపల ఉండిపోయింది. తన గిటార్‌ను ఎవడూ తగ్గించని పాట ఒకటి చేయాలి.

సంగీతానికి భాషతో పనిలేదని సభల్లో చెబుతుంటారు. అలా చెప్పినవాళ్లకే గొంతు లేని పాట వినిపించి చూడండి. నిమిషం తిరక్కుండా, పాట ఎప్పుడు మొదలవుతుందని అడుగుతారు. దుకాణం యజమాని శ్రీపతి అయితే మొహం మీదే అడిగేశాడు.

“ఏం రాజేందర్, పాడేటోడు ట్రాఫిక్‌ల ఇరుక్కున్నడా?”

రాజేందర్ వాయించేది సర్ఫ్ రాక్. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల మధ్య దొరికిన అట్టలేని సీడీతో అంటుకున్న పిచ్చి అది. అమెరికాలో సముద్రపు అలల మీద పలకలెక్కి జారే కుర్రకారు కోసం పుట్టిన సంగీతమని తర్వాత ఫోన్‌లో చదివి తెలుసుకున్నాడు. మాటలుండవు. తీగను కిందికీ పైకీ ఆగకుండా మీటుతుంటే ప్రతి స్వరం నీళ్లలో మునిగి తేలినట్టు మోగుతుంది. రాజేందర్‌కు సముద్రంతో పనిపడలేదు. వాయించేటప్పుడు అతని మనసులో ఉండేది నాంపల్లి స్టేషన్ బయట రైలు దిగిన జనం, వాళ్ల మీదికి ఎగబడే ఆటోలు. డ్రమ్ముల బదులు పెళ్లి బరాత్‌ల్లో వినిపించే మర్ఫా డప్పుల దెబ్బను ల్యాప్‌టాప్‌లో కట్టుకున్నాడు. నాంపల్లిలో వాళ్లది దుకాణాల మీది కిరాయి ఇల్లు. కింద షట్టర్లు లేవకముందే, పొద్దున్నే కూర్చుని రికార్డు చేసేవాడు.

మొదటి పాట పేరు ‘ప్లాట్‌ఫాం చివర’. గొంతు లేదని ఎవరూ నిరాశపడకూడదని పక్కనే ‘ఓన్లీ మ్యూజిక్’ అని కూడా రాసి యూట్యూబ్‌లో పెట్టాడు. తప్పు అక్కడే జరిగింది. ఈ ఊళ్లో ఆ రెండు మాటలు వెతికేవాళ్లు వేరు, తాము పాడుకోవడానికి గొంతు లేని ట్రాకులు కావాల్సినవాళ్లు.

చాలాకాలం అలికిడి లేదు. తర్వాత ఒక్కసారిగా విన్నవాళ్ల సంఖ్య పరుగెత్తింది. రాజేందర్ సంబరంగా కింద కామెంట్లు చదివాడు. ‘ట్రాక్ బాగుంది, లిరిక్స్ పంపగలరు.’ ‘ఆడవాళ్ల శ్రుతిలో ఉందా సార్?’ ఒకరు వీడియో లింకు పెట్టారు. బషీర్‌బాగ్‌లో చిన్న హాలు, గోడకు కరోకే క్లబ్బు బ్యానరు, మైకు ముందు కళ్లజోడుతో ఒకావిడ. వాన మీద సొంతంగా రాసుకున్న పాటను అతని సంగీతం మీద పాడుతోంది. బాగానే పాడుతోంది కూడా. ఆవిడ అందుకోగానే వెనక గిటార్ తగ్గిపోయింది.

“గీడ కూడా తగ్గించిన్రు!” అన్నాడు రాజేందర్. “కంప్లైంట్ పెడత. వీడియో తీసేస్తరు.”

సుల్తాన్ బజార్‌లో చీరలకు ఫాల్స్ కుట్టే పనికి బయల్దేరుతున్న భార్య స్వర్ణ చెప్పులేసుకుంటూ ఆగింది. “పెడ్తే పెట్టు. ముందుగాల ఫోన్ చేసి అడుగరాదు? నంబరు వీడియో కిందనే ఉన్నది. పెద్దమనిషి, దొంగ లెక్క కనిపిస్తలేదు.”

ఫోన్ చేస్తే తెలిసింది, ఆవిడ పేరు వరలక్ష్మి. బ్యాంకులో చేసి రిటైరైంది, కాచిగూడలో ఉంటుంది.

“అయ్యో, ఆ ట్రాక్ మీదా బాబూ? ఎంత బాగుందండీ! శ్రుతి కాస్త తగ్గించి ఇంకోటి పెట్టకూడదూ? పైన నాకు ఊపిరి అందట్లేదు.”

“అమ్మా, అది ట్రాక్ కాదు. గదే పాట.”

“పాటా? మరి పాడేదెవరండీ?”

“ఎవరూ పాడరమ్మా. గిటారే.”

ఆవిడ నొచ్చుకోకుండా, తెలుసుకుందామన్నట్టే అడిగింది. “మరి నాకు చోటెందుకు వదిలారు బాబూ? ముందు సంగీతం అయిపోగానే మీరే పక్కకు తప్పుకున్నారు కదా. రమ్మన్నట్టే ఉంది. వచ్చాను.”

రాజేందర్ ఫోన్ పెట్టేసి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. ఆవిడ చెప్పింది నిజమే. మొదట్లో గిటార్ విజృంభించింది. సరిగ్గా పల్లవి రావాల్సిన చోట మీటు నెమ్మదించి, చిన్న చిన్న ముక్కలుగా వెనక్కి జరిగింది. చరణాల దగ్గరా అంతే. మిక్సర్ దగ్గర ఎవడూ లేడు. తగ్గించింది తన చెయ్యే.

కంప్లైంట్ పెట్టలేదు. కొత్త పాటకు కూర్చున్నాడు. పల్లవి చోటు వచ్చేసరికి చెయ్యి అలవాటుగా జారిపోయేది. ఆపి మళ్లీ మొదలుపెట్టేవాడు.

“పొద్దుగాల్నే గంత గుస్సేంది తీగల మీద?” అనేది స్వర్ణ, టీ గ్లాసు పక్కన పెట్టి.

చివరికి, మొదలైంది మొదలు ముగిసేదాకా గిటార్ ఒక్క అడుగు వెనక్కి వేయని పాట తయారైంది. ఈసారి పేరు పక్కన ఏమీ రాయలేదు.

సర్ఫ్ రాక్ వినేవాళ్ల గుంపు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. అందులో ఎవరో దాన్ని పంచారు. బ్రెజిల్ నుంచి ఒకతను ఆ తాళం ఎక్కడిదని అడిగాడు. పోర్చుగల్ నుంచి ఒకామె, తన ఊరి బీచ్ గుర్తొచ్చిందని రాసింది. నాంపల్లి ఆటోల సంగతి చెప్పి ఆమె సరదా చెడగొట్టడం ఎందుకని రాజేందర్ ఊరుకున్నాడు. పాట ఎప్పుడు మొదలవుతుందని అడిగినవాళ్లు లేరు. వేలమంది విన్నారు.

ఆదివారం వరలక్ష్మి ఫోన్ చేసింది. వెనక హాల్లో నవ్వులు, కుర్చీల చప్పుడు.

“మీ కొత్తదాని మీద పాడదామని మేమంతా పాటల కాగితాలు పట్టుకుని కూర్చున్నామండీ. ఎక్కడా దూరే సందివ్వలేదు మీరు!”

“మరేం చేసిన్రమ్మా?”

“ఏం చేస్తాం బాబూ, కాగితాలు పక్కన పెట్టి విన్నాం. సౌండు పెంచమని గొడవ కూడానూ.”